లేయ్‌పాకోవా చెప్పిన అవును

లా కాలేజీ ఇంటర్వ్యూ ముగించుకుని బయటికొచ్చిన లేయ్‌పాకోవాకు కూర్చోబుద్ధీ కావడం లేదు, నిలబడబుద్ధీ కావడం లేదు. దూరపు దీవి నుంచి రాజధాని పోర్ట్ విలాకు తోడొచ్చిన పిన్ని మెట్ల మీద, దుంపల తురుము ఆకుల్లో చుట్టి కాల్చిన లాప్‌లాప్ పొట్లం విప్పి పెట్టినా చెయ్యి పోలేదు.

"ఏమడిగారే పిల్లా?"

"చదువు మధ్యలో మానేయవుగా అన్నారు. అవునన్నాను."

"మరింకేం? తిను."

"ఆ తెల్లమేడం నన్నదోలా చూసి ఏదో రాసుకుంది పిన్నీ."

అంతలోనే అసలు సంగతి తట్టింది. తమ దీవుల్లో "మానేయవుగా" అని అడిగినప్పుడు "అవును" అంటే "అవును, మానను" అని. ఇంగ్లీషు వాళ్ల చెవిలో పడేసరికి అదే "అవును, మానేస్తాను" అయి కూర్చుంటుంది. ఆమె తమ్ముడు కల్మెట్ కొంప మునిగిందీ ఇలాగే. "పడవ నువ్వు దొంగిలించలేదుగా?" అని కోర్టులో అడిగితే, వెర్రిబాగులవాడు నిండుమనసుతో "అవును" అని జైలుకు పోయాడు. ఆ మంటతోనే ముప్పయ్యేళ్ల వయసులో, బజార్లో చేమదుంపలు అమ్ముకుంటూ ఆమె పుస్తకం పట్టింది. చివరికి తానూ అదే గోతిలో పడింది.

దూరపు దీవులవాళ్లు రాతపరీక్షలో వెనకబడినా పైకి రావాలని ఈ ఇంటర్వ్యూ పెట్టారట మహానుభావులు. ఆ దీవుల్లో అవును అంటే ఏమిటో మాత్రం కనుక్కున్న పాపాన పోలేదు.

"ఎక్కడికే? పెద్దవాళ్లు కసురుకుంటారు," అంటున్న పిన్ని చెయ్యి విడిపించుకుని లేయ్‌పాకోవా తలుపు తోసింది.

"ఇంటర్వ్యూ అయిపోయిందమ్మా. చెప్పిన జవాబు మార్చడం కుదరదు," అన్నాడు తెల్లమేడం పక్కన కూర్చున్న పెద్దాయన.

"మా తమ్ముడితో జడ్జిగారూ ఇదే అన్నారు సార్. నేను మార్చడం లేదు. మా భాషలో చెప్పింది మీకర్థమయ్యేలా చెబుతున్నాను. మానను."

తమ్ముడి సంగతంతా చెప్పింది. తెల్లమేడం కలం కింద పెట్టేసింది.

"మేం తిన్నగా అడగాల్సింది. చదువు పూర్తి చేస్తారా?"

"చేస్తాను."

పెద్దాయన గొంతు సవరించుకుని, సీటు ఇస్తున్నామన్నాడు. లేయ్‌పాకోవా మాత్రం కదల్లేదు.

"పొద్దున్నుంచి ఇంకెవరైనా అవునన్నారా సార్?"

ఆయన మేడం వైపు చూశాడు. మేడం కాగితాలు తిరగేసి, అవునన్నందుకు కొట్టేసిన పేర్లు చూపించింది. వాళ్లను వెనక్కి పిలుచుకు రమ్మని ప్యూనును రేవుకు పరుగెత్తించారు. వాడు వెళ్లేసరికి దీవులకు పోయే ఓడ వెళ్లిపోయింది.