గోడవతల బస్కీలు

సొయిలా కిష్పెకి నలభై ఎనిమిదేళ్లు. కుయెంకా ఊళ్లో తొమెబాంబా ఏటి గట్టున పరుగెత్తే ఆడవాళ్లందరిలోకీ తనదే పైచెయ్యి అని ఆమె నమ్మకం. ఆ నమ్మకం ఊరికే వచ్చింది కాదు. భర్త పోయిన ఏడాది డాక్టరు రక్తపోటు మాత్రలు రాసిస్తే, వాటితోపాటు ఏటి గట్టు కూడా మొదలుపెట్టింది. తొలిరోజు రెండు వంతెనల మధ్య దూరం కూడా పరుగెత్తలేకపోయింది. ఆ తరువాత పదకొండేళ్లలో ఒక్క ఉదయం మానలేదు. ఐదున్నరకల్లా గట్టు మీద ఉండేది. తొమ్మిదికల్లా టోపీల కార్ఖానాలో గడ్డి టోపీలకు ఇస్త్రీ చేస్తూ నిలబడేది. పాలమ్మే ఆవిడ మొదలుకొని, కుక్కను తిప్పడానికి వచ్చే ముసలి నోటరీ దాకా అందరూ ఆమెను "ఛాంపియన్ గారూ" అని పలకరించేవారు.

పేట పండుగకు ఏటా ఎనిమిది కిలోమీటర్ల పందెం పెడతారు. నలభై దాటిన ఆడవాళ్లలో వరసగా నాలుగేళ్లు ఆమెదే మొదటి స్థానం. బహుమతి ఎప్పుడూ మిక్సీయే. నాలుగూ అట్టపెట్టెల్లోంచి తీయకుండా బీరువా మీద పేర్చి ఉంచింది. అడిగినవాళ్లకు కూడా ఇవ్వలేదు.

తండ్రి ఇంటిని మధ్యలో గోడ కట్టి ఇద్దరు పిల్లలకూ పంచారు. గోడకు అవతల తమ్ముడు ఫ్రోయిలాన్ ఉంటాడు. సిటీ బస్సు నడుపుతాడు. అతని భార్య నార్సిసా బజార్లో ఆలుగడ్డ రొట్టెలు కాల్చి అమ్ముతుంది. మూడో కాన్పు తరువాత ఆమెకు నడుం నొప్పి పట్టుకుంది. ఆరోగ్యకేంద్రంలో వ్యాయామం చేయించే అమ్మాయి ఒక కాగితం మీద రాసిచ్చింది: వారంలో మూడు రోజులు పరుగు, రెండు రోజులు ఇంట్లో కండ గట్టిపడే కసరత్తు, మిగిలిన రెండు రోజులూ విశ్రాంతి. నార్సిసా ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించుకుంది.

మొదటిరోజు ఆమెను గట్టుకు తీసుకెళ్లింది సొయిలాయే.

"నా వెనకాలే రా. ఊపిరి అందకపోతే ఆగిపో. సిగ్గేం లేదు, మొదట్లో అందరికీ అంతే," అంది.

నార్సిసా రెండో వంతెన దగ్గర పొట్ట పట్టుకుని కూలబడింది. సొయిలా ఆమె వీపు నిమిరింది. ఆ రోజంతా ఎందుకో మహా హుషారుగా ఉంది.

ఎనిమిది నెలలు గడిచాయి. ఏటి ఒడ్డు నుంచి పై వీధికి ఎక్కే ఎనభై మెట్ల మీద ఒక బుధవారం నార్సిసా ఆమెను దాటేసింది. దాటితే దాటింది, మాట్లాడుతూ దాటింది.

"వదినా, ఇవాళ చలి తక్కువే కదా?"

జవాబు చెప్పడానికి సొయిలా దగ్గర ఊపిరి లేదు.

అప్పటి నుంచి ఆమెకు తిన్నది ఒంటపట్టడం మానేసింది. తను వారంలో ఏడు రోజులు పరుగెడుతుంది, అది మూడు రోజులు. తను రొట్టె కూడా సగమే తింటుంది, అది పంది వేపుడు నంజుకుంటూ తింటుంది. ఇదెక్కడి న్యాయం? దానికి తోడు కార్ఖానాలో ఆడవాళ్లు ఊరుకోరు.

"సొయిలా, మీ మరదల్ని చూశాం బజార్లో. ఏం భుజాలే! గంగాళం ఒంటిచేత్తో దింపేసింది."

"దాని వయసుకి నేనూ దింపేదాన్ని," అంది సొయిలా. నార్సిసా ఆమె కన్నా ఆరేళ్లే చిన్నది. ఆ రాత్రి అద్దం ముందు చేతులు చాపి చూసుకుంది. కాళ్లు గట్టిగానే ఉన్నాయి. చేతుల కింద చర్మం మాత్రం పిండి ఆరేసిన మేజోడులా వేలాడింది.

అసలు రహస్యం తెలుసుకోవాలని బట్టలు ఆరేసే నెపంతో డాబా ఎక్కింది. కిందికి చూస్తే మరదలి పెరడు మొత్తం కనిపిస్తుంది. నార్సిసా సగం నింపిన బియ్యం సంచిని భుజాల మీద వేసుకుని బస్కీలు తీస్తోంది. తరువాత బల్ల మీద చేతులానించి దండీలు. తరువాత వెల్లకిలా పడుకుని, మడమలు నేలకు తన్నిపెట్టి నడుం పైకెత్తడం. మెట్టు అంచున ఒంటికాలి మునివేళ్ల మీద లేవడం. ఆఖర్న మోచేతుల మీద, కాలివేళ్ల మీద ఒళ్లంతా చెక్కలా నిలిపి, పెద్దగా అంకెలు లెక్కపెట్టడం.

ఓస్, ఇంతేనా అనుకుంది సొయిలా. కిందికి దిగి, తలుపు గడియ పెట్టి, అన్నీ రెండింతలు చేసింది. మర్నాడు మంచం దిగడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది. అయినా పరుగు మానలేదు. విశ్రాంతి రోజులు బద్ధకస్తులకని ఆమె అభిప్రాయం. ఇరవై రోజులు తిరిగేసరికి కుడి మోకాలు నారింజకాయలా ఉబ్బింది. గోడవతల మాత్రం ఆ లెక్క రోజురోజుకీ పెరుగుతూనే ఉంది: యాభై, అరవై, డెబ్బై.

పందెం మూడు వారాలుందనగా తమ్ముడు కాఫీకి వచ్చాడు. సొయిలా రొట్టె ముక్క అతని ముందుకు జరిపింది.

"మీ ఆవిడ బాగా కష్టపడుతోందిరా. ఒళ్లు బాగా బిగిసింది. ఎవరి మెప్పు కోసమో పాపం."

"ఎవరి కోసమేంటక్కా? నడుం నొప్పికి కదా?"

"అవుననుకో. గట్టు మీద నీలం జాకెట్టు ఆయన ఆపి మరీ మాట్లాడుతుంటాడు. నాకెందుకులే. కాఫీ తాగు, చల్లారిపోతుంది."

ఇందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. నీలం జాకెట్టు ఆయన ముసలి నోటరీ. ఆయన వచ్చేపోయేవాళ్లందర్నీ ఆపి మాట్లాడతాడు. ఆ సంగతి మాత్రం సొయిలా చెప్పలేదు.

ఆ సాయంత్రం గోడవతల గిన్నె పడిన చప్పుడు, ఫ్రోయిలాన్ అరుపు, పిల్ల ఏడుపు వినిపించాయి. మర్నాటి నుంచి నార్సిసా గట్టుకు రాలేదు.

పందెం రోజు సొయిలా మోకాలికి పట్టీ చుట్టుకుని పరుగెత్తింది. ఆరో కిలోమీటరు దగ్గర కాళ్లు బరువెక్కాయి. అక్కడ పేవ్‌మెంటు మీద పిల్లలతో నిలబడి ఉంది నార్సిసా.

"వదినా! భుజాలు వదులు చెయ్యండి! చేతులు ఊపండి!" అని గొంతు చించుకుని అరిచింది.

సొయిలా భుజాలు వదిలింది. నిజంగానే కాళ్లు కాస్త కదిలాయి. మొదట వచ్చింది. ఐదో మిక్సీ బీరువా ఎక్కింది. కానీ దాన్ని చూసినప్పుడల్లా ఆ కేక చెవుల్లో మోగేది. దానితో కడుపులో మంట ఇంకా ఎక్కువైంది. ఓడిపోయినా ఇంత మండేది కాదేమో.

ఆ తరువాతి వారం, ఉదయం ఏడింటికి ధబధబమని చప్పుడు వినపడింది. సొయిలా డాబా ఎక్కింది. నార్సిసా పెరటి స్తంభానికి సైకిల్ ట్యూబు కట్టి, దాన్ని నడుముకు తగిలించుకుని, ముందుకు లాగుతూ ఉన్నచోటే పరుగెడుతోంది. మొగుడు గట్టు మీదికి వెళ్లొద్దన్నాడు. పరుగు మానమనలేదు.

"పైనే ఉన్నారుగా వదినా?" అంది తలెత్తకుండానే. "నడుం వంగుతోందేమో చూసి చెప్పండి. నాకు కనపడి చావదు."

సొయిలా బిగుసుకుపోయింది. "నేను బట్టలు..."

"మార్చి నుంచీ అవే మూడు దుప్పట్లు ఆరేస్తున్నారు. ఎప్పుడో చూశాను." నార్సిసా ఆగి, చెమట తుడుచుకుంది. "ఎవరో మీ తమ్ముడి చెవిలో ఏదో ఊదారు వదినా. ఆ నోటరీ ముసలాయన పేరు చెప్పి తిడుతున్నాడు. డెబ్బై నాలుగేళ్ల మనిషి! చెప్పిందెవరో తెలిస్తే మొహం మీద వేడినూనె పోసేద్దును."

సొయిలా నడుం సంగతి చెప్పలేదు. ఆ రోజు కార్ఖానాకు వెళ్లకుండా బస్సుల డిపోకు వెళ్లింది. ఫ్రోయిలాన్ చక్రాలకు నీళ్లు కొడుతున్నాడు.

"ఆ నోటరీ ముసలాయన వ్యవహారంలో ఏమీ లేదురా. ఆయన కుక్కకి కంట్లో శుక్లం. దాని గురించే మాట్లాడతాడు, నాతో, నార్సిసాతో, పాలావిడతో."

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మరెందుకు చెప్పావే అలా?"

"అది నన్ను దాటేసింది. ఓర్వలేకపోయాను."

ఫ్రోయిలాన్ గొట్టం కింద పడేశాడు. "నెలరోజులుగా దాని మొహం సరిగ్గా చూడలేదు నేను," అన్నాడు. "వెళ్లు. నీ నోటితో నువ్వే చెప్పు."

బజార్లో నార్సిసా పెనం ముందు నలుగురు గిరాకీలు నిలబడి ఉండగానే సొయిలా చెప్పేసింది. నార్సిసా చేతిలో గరిటె ఆగింది. తరువాత రొట్టెను తిరగేసింది.

"నువ్వా?" అంది. అంతవరకూ ఆమె వదినను ఏనాడూ 'నువ్వు' అనలేదు. "వెళ్లిక్కణ్ణించి. నాకు పనుంది."

ఆ వారంలోనే ఫ్రోయిలాన్ పెళ్లానికి క్షమాపణ చెప్పుకుని, కొత్త బూట్లు కొనిచ్చాడు. నార్సిసా మళ్లీ గట్టెక్కింది. వదినతో మాత్రం నాలుగు నెలలు మాట్లాడలేదు. మెట్ల మీద దాటేటప్పుడు కూడా కళ్లు ఎదురుగానే ఉండేవి. ఆ మౌనం సొయిలాకు భరించరానిదిగా ఉండేది. అయినా దాటిన ప్రతిసారీ ఆమె పిక్కల వంకే చూసేది. మొదట కుళ్లు పుట్టేది. సిగ్గు ఆ తరువాత వచ్చేది.

ఇంతలో మోకాలు ఇక మోయలేనంది. ఆరోగ్యకేంద్రంలో అదే అమ్మాయి అదే కాగితం రాసిచ్చింది. "రోజూ పరుగెత్తి కండకి తీరిక లేకుండా చేశారు. తొడలు, నడుం గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది," అంది. సొయిలా కాగితం పట్టుకుని తిన్నగా పక్కింటి తలుపు తట్టింది.

నార్సిసా కాగితం అందుకుని చదివింది. "ఇంకా కుళ్లుగానే ఉందా?" అని అడిగింది.

"ఉంది. ఇప్పుడూ ఉంది."

"సరే. చెప్పులు బయట విడిచి రండి."

మంగళ, శుక్రవారాల్లో ఇద్దరూ పెరట్లో కసరత్తు చేస్తారు. బరువులెత్తడానికి నార్సిసా ఆమెకు అరలీటరు నీళ్లసీసాలు ఇచ్చింది. పిల్లలు ఆడుకునేవి. సొయిలాకు ఒళ్లు మండింది, కానీ తీసుకుంది. మరుసటి ఏడు పందెంలో నార్సిసా నలభై సెకన్ల తేడాతో మొదట వచ్చింది. సొయిలా రెండోది. మిక్సీని నార్సిసా అదే రోజు విప్పి, పిల్లలకు పండ్లరసం తీసింది. సొయిలా ఒక గ్లాసు తాగింది, బాగుందని కూడా చెప్పింది. ఇంటికొచ్చి తలుపేసుకుని కాసేపు ఏడ్చింది.

మంగళవారం మామూలుగానే వెళ్లింది. మోచేతుల మీద ఒళ్లు నిలిపి, తలవంచుకుని లెక్కపెట్టింది. ఇరవై రెండు దగ్గర చాప మీద కూలిపోయింది. పక్కన నార్సిసా ముప్పై, ముప్పై ఒకటి అంటూ ఇంకా లేచే ఉంది. సొయిలా చెంప చాపకు ఆనించి ఆ భుజాలనే చూస్తూ, ఊపిరి తిరగ్గానే మళ్లీ మోచేతులు నేలకానించింది.