జరగని యుద్ధానికి వెళ్లిన ఫుస్కస్

రేయాటె ఊళ్లో వారేనా అనే ఆవిడ ముందు సీజర్ తలపెట్టిన తూర్పు దండయాత్ర మాట ఎవరూ ఎత్తరు. తెలియక ఎత్తినవాడికి ఆమె చేతిలో ఏది ఉంటే అది తగులుతుంది. ఒకసారి రోమ్ నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకడు సంతలో నిలబడి, "ఆ మహానుభావుడు ఇంకో మూడు రోజులు బతికుంటే దండు కదిలేది, పార్థియా మన కాళ్ల కింద ఉండేది" అని నిట్టూర్చాడు. అప్పుడామె శనగలు చెరుగుతోంది. ఆ పెద్దమనిషి తెల్లటి టోగా మడతల్లోంచి శనగలు దులుపుకుంటూ పోయాడు.

ఆ కోపానికి కారణం ఫుస్కస్ అనే మగ గాడిద.

రేయాటెవాళ్ల బతుకు కంచరగాడిదల మీద నడుస్తుంది. మగ గాడిద, ఆడ గుర్రం కలిస్తేనే అవి పుడతాయి. మామూలు గాడిద గుర్రం వంక కన్నెత్తి చూడదు. అందుకని పుట్టిన గాడిదపిల్లను తల్లి దగ్గర్నుంచి తప్పించి, చీకటి కొట్టంలో గుర్రం కింద పాలకు వదులుతారు. గుర్రపు పాలు తాగి, గుర్రాల మధ్య పెరిగినదే నాలుగో ఏట విత్తనానికి పనికొస్తుంది. ఫుస్కస్ పుట్టింది వారేనా మొగుడు పోయిన ఏడాది. అల్బుల అనే ముసలి గుర్రం వాణ్ణి దగ్గరికి రానిచ్చేదాకా ఆమె తొమ్మిది రోజులు ఆ కొట్టంలోనే ఉండి, జావ కూడా అక్కడే తాగింది. అల్బుల తన్నిన తన్నుకు ఎడమ మోకాలు ఇప్పటికీ సరిగ్గా వంగదు. వచ్చే వసంతంలో ఫుస్కస్ మొదటిసారి గుర్రాల మందలోకి వెళ్లాలి. ఆ ఇంటికి వాడొక్కడే ఆధారం.

ఆ చలికాలంలోనే సీజర్ దండయాత్ర కోసం పశువులను పోగు చేస్తూ సైనికులు దిగారు. పక్కింటి నోనియస్ గోడ మీంచి తొంగి చూశాడు.

"వదినా, నిగనిగలాడేవాటిని ఏరి మరీ పట్టుకుపోతున్నారంట. నీ ఫుస్కస్‌ని దాచుకో."

"ఎక్కడ దాచను మరిదీ, కొంగు కిందా?"

దాచలేక వేషం వేసింది. ఒళ్లంతా పేడ, బూడిద పూసింది. జూలు ఎలుకలు కొరికినట్టు కత్తిరించింది. వీపు మీద బరువులు వేసే పాత గంత కట్టి, రెండు గోనెలు వేలాడదీసింది. చివరకు అద్దం లాంటి గాడిద అడుక్కుతినేవాడి గాడిదలా తయారైంది. తన తెలివికి తనే ముచ్చటపడింది కూడా.

దళనాయకుడు వాకిట్లో నిలబడి మైనపు పలక చదివాడు. "విత్తనపు గాడిదల్ని ముట్టుకోవద్దని ఆజ్ఞ. వచ్చే ఏడాది కూడా కంచరగాడిదలు కావాలిగా. బరువులు మోసేవి మాత్రం ఇచ్చెయ్యాలి." ఫుస్కస్‌ను ఎగాదిగా చూసి, "దీన్ని తోలండ్రా" అన్నాడు.

వారేనా అడ్డం పడింది.

"అయ్యా, ఇది విత్తనపుదే! గుర్రం పాలు తాగి పెరిగింది!"

"ఇదా?" అతను నవ్వాడు. "పొద్దున్నుంచి పదకొండు ఇళ్లు తిరిగాం తల్లీ. మేం చెయ్యి వేశాక ప్రతి గాడిదా విత్తనపుదే అవుతోంది."

"నీళ్లు తెస్తా, కడిగి చూపిస్తానయ్యా!"

"కడిగితే గుర్రమవుద్దా?" అని వెనక నుంచి ఒకడన్నాడు. అందరూ పగలబడి నవ్వారు.

నోనియస్ ఒట్టేసి చెప్పాడు. పక్కింటివాడి సాక్ష్యం చెల్లదన్నారు. అక్కడే ఫుస్కస్ జబ్బ మీద వాత పెట్టి, మందలో కలిపి తోలుకుపోయారు. దొడ్లోంచి అల్బుల చాలాసేపు సకిలించింది.

రోమ్‌కు పోయే ఉప్పుబాట పక్కన సైన్యం వేసిన పశువుల దొడ్డికి వారేనా కుంటుకుంటూ మూడుసార్లు వెళ్లింది. అర్జీ రోమ్‌కు పంపామనేవాళ్లు, రేపు రమ్మనేవాళ్లు. లోపలికి మాత్రం అడుగు పెట్టనివ్వలేదు. తూర్పున ఎవడి దేశమో కావాలట ఆ సీజర్‌కు! ఉన్న దేశం చాలలేదా? దానికి మూటలు మొయ్యడానికి ఈమె కొట్టంలోని గాడిదే దొరికిందా?

మార్చి నడిమధ్యన కబురొచ్చింది. సీజర్‌ను సభలోనే పొడిచి చంపారు. ఊళ్లో కొందరు ఏడ్చారు, కొందరు తలుపులు బిడాయించుకున్నారు. వారేనా ఒక్కటే అడిగింది: "అయితే యుద్ధం లేనట్టేగా?" గుర్రాలు ఎదకు వచ్చే రోజులు దగ్గరపడ్డాయి. తాడు తీసుకుని బయల్దేరింది.

దొడ్డి గుమాస్తా తల కూడా ఎత్తలేదు. "తిరిగి ఇమ్మన్న ఆజ్ఞ లేదు. ఆజ్ఞ ఇచ్చేవాడే పోయాడు."

"అయితే ఆజ్ఞ వచ్చేదాకా కూర్చుంటా" అని ఆమె దొడ్డి వాకిలికి అడ్డంగా చతికిలబడింది. గడ్డి బళ్లు ఆగిపోయాయి. చివరకు ఆ దళనాయకుడే వచ్చి అడ్డకర్ర తీశాడు. "తోలుకుపో అమ్మా. వీటిని మేపలేక చస్తున్నాం."

ఫుస్కస్ శుభ్రంగా ఉన్నాడు. ఒళ్లు చేశాడు, చర్మం మెరుస్తోంది. వీళ్లను ఊరికే తిట్టుకున్నానే అనుకుంటూ వారేనా వాడి వెనక్కి వచ్చింది. చూసింది.

"బీజాలు తీసేశారా?"

"బరువులు మోసేవాటికి అన్నిటికీ తీస్తాం. కుదురుగా నడుస్తాయి." దళనాయకుడు గాడిద ఒంటి మీద చెయ్యి వేసి కాసేపు చూశాడు. అతని గొంతు తగ్గింది. "ఇది నిజంగానే విత్తనపుదా?"

"ఒక్క పార్థియావాణ్ణయినా గోకారట్రా మీరు?" వారేనా అరుపుకు దొడ్డంతా బెదిరింది. "నది దాటారా? కత్తి దూశారా? మీ మహా యుద్ధం మొత్తానికి మీరు కోసింది ఇదేనట్రా?"



ఇంటికి రాగానే అల్బుల ఎదురొచ్చి వాణ్ణి వాసన చూసింది. ఎదకొచ్చిన గుర్రాలు దొడ్డి చుట్టూ తిరిగాయి. ఫుస్కస్ తలదించుకుని గడ్డి మేస్తూ ఉండిపోయాడు. వారేనా ఆ పూట చేతులు కడుక్కుంది, మళ్లీ మళ్లీ కడుక్కుంది. వాడికి పేడ పూసిన చేతులవే. వాళ్లను ఎంత తిట్టినా ఆ సంగతి ఆమెకు మింగుడుపడలేదు.

ఫుస్కస్ ఇంకా పదకొండేళ్లు బతికాడు. వాడు పోయేదాకా ప్రతి సంత రోజూ ఆ పాత గంతే కట్టి, ఆ రెండు గోనెల్లోనే శనగలు పోసి, వారేనా వాణ్ణి ఊళ్లోకి తోలుకెళ్లేది.