రొట్టెల బజారు, మా అత్తమ్మ

మా అత్తమ్మ పోయింది. నేను మిర్యాలగూడలో పుట్టింట్లో ఉండగా, సూర్యాపేట నుంచి వచ్చిన బస్సు డ్రైవరు ఆ కబురు తెచ్చాడు. "పొద్దుగాల కోదాడామె పోయిందమ్మా. జల్ది రమ్మన్నరు" అన్నాడు. మా ఆయన పంపిన కబురే అది. చెబుతుంటే ఆ డ్రైవరు కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. తిరుగు బస్సులో దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నాను.

కోడలిగా వచ్చిన కొత్తలో ఆమె అంటే నాకు ఒళ్లు మండేది. బజారుకు తీసుకెళ్తే ఊరికే నడవనిచ్చేది కాదు. "కళ్లు మూసుకో. ఇప్పుడు ఎక్కడున్నాం?" అని అడిగేది. నడిబజారులో కళ్లు మూసుకుని నిలబడితే జనం నవ్వరూ! టకటకలు వినబడితే కంచరి వాళ్ల వీధి, తెలకపిండి వాసన వస్తే గానుగల వీధి. "అన్ని వీధులూ ఒక్క తీరుగా ఉంటే అది ఊరెట్లా అవుతుందే?" అనేది. నాకేమో ఎండకు తలనొప్పి.

గొడవల రోజుల్లో ఆత్మకూరు వైపు ఊళ్ల నుంచి, ఇళ్లు కాలిపోయిన జనం మా సూర్యాపేటకు వచ్చారు. బస్సులు ఆగే చోటుకు వెనక గల్లీలో గుడిసెలు వేసుకున్నారు. గొడవలు సద్దుమణిగినా కొందరు తిరిగి వెళ్లలేదు. వెళ్లడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. ఊరి జనం దాన్ని పరారోళ్ల గల్లీ అన్నారు. కూలికి పిలవాలన్నా "ఓ పరారోడా" అనే పిలిచేవారు. పిల్లది ఆ గల్లీలో ఉంటుందని తెలిస్తే సంబంధాల వాళ్లు మళ్లీ వచ్చేవారు కాదు.

నిరుడు నడిబజారు వీధులన్నిటికీ పేర్ల రేకులు కొడుతూ ఒక గుమాస్తా వచ్చాడు. ఆ గల్లీకి కూడా జనం పిలిచే పేరే రాయబోతుంటే మా అత్తమ్మ అడ్డం నిలబడింది.

"అందరనే పేరే గదమ్మా, నేను వెట్టిన్నా?" అన్నాడతను.

"నన్ను ఇప్పటికీ కోదాడామె అనే అంటారు నాయనా. అననీ, అది నా పుట్టినూరు. పారిపోయి రావటం ఎవరికి పుట్టినూరు?"

అతను మెత్తబడ్డాడు. "మరేం రాయమంటవ్? నీ పేరు రాయాల్నా?"

"నా పేరెందుకు, నేనేమన్నా గల్లీనా! దసరా దాకా ఆగు. వాళ్ల పేరు వాళ్లే తెచ్చుకుంటారు."

ఇంటికొచ్చి మంచం మీద కూలబడింది. "అనేశాను గానీ, ఏం పేరే తల్లీ?" అని నన్నే అడిగింది. నాకు నవ్వూ జాలీ రెండూ వచ్చాయి. మర్నాటి నుంచి రోజూ పోయి ఆ గల్లీలో కూర్చునేది. ఏ గుడిసెలో చూసినా ఆడవాళ్లు జొన్నరొట్టెలు కొడుతున్నారు, లోపల, పొగలో, ఎవరికీ కనబడకుండా. "పొయ్యిలు బయట పెట్టండే" అంది.

"నలుగురు సూస్తే నవ్వుతరమ్మా" అంది అందరిలో పెద్దదైన ఒక అవ్వ.

"నవ్వేవాడికి ఆకలి కాదా? ఒక రొట్టె చేతిలో పెట్టు."

మొదటి పొయ్యి దగ్గర తనే కూర్చుంది. అన్నం తిని పెరిగిన మనిషి, రొట్టె చేయడం ఎక్కడొస్తుంది? చేసిందల్లా చిరిగిపోతుంటే గల్లీ అంతా పడీపడీ నవ్వింది. ఆ నవ్వులు విని ఇద్దరు డ్రైవర్లు తొంగిచూశారు. అవ్వ సిగ్గుపడుతూనే రొట్టె మీద వెల్లుల్లికారం వేసి ఇచ్చింది. తర్వాత్తర్వాత బెజవాడ బస్సుల వాళ్లు కూడా దిగి వాసన పట్టుకుని వచ్చేవారు. దసరాకు గుమాస్తా ఎవరినీ అడగలేదు. రొట్టెల బజారు అని రేకు కొట్టి, రొట్టె తిని వెళ్లాడు.

అయినా పాత పేరు అంత తొందరగా పోలేదు. ఎవరి నోట విన్నా అత్తమ్మ నడివీధిలోనే పట్టుకునేది. "ఏదీ, మళ్లీ అను" అనేది. ఆ పోట్లాటల్లో నేనూ గొంతు కలిపాను. అట్లా నాకు ఆమె మీద ప్రేమ పుట్టింది.

దహనం అయ్యాక, దీపాలు పెట్టే వేళకు, గల్లీ ఆడవాళ్లు గుడ్డమూటలు పట్టుకుని మా వాకిట్లోకి వచ్చారు. కోదాడ నుంచి వచ్చిన అత్తమ్మ తమ్ముడికి వాళ్లెవరో తెలియదు. "ఎవరమ్మా మీరు? ఏ ఊరి నుంచి వచ్చారు?" అని అడిగాడు.

అవ్వ రొట్టెల మూట ముడి విప్పసాగింది. పక్కనున్న పెళ్లీడు మనవరాలు తలెత్తి చెప్పింది.

"ఏ ఊరి నుంచి రాలే, మేం గీడోళ్లమే. రొట్టెల బజారోళ్లం."

ఆయన పక్కకు జరిగి, తను కూర్చున్న చాప మీద వాళ్లకు చోటిచ్చాడు.