కర్టెన్ ఉబ్బిన ఇల్లు

2023 నవంబరు. కెనడాలోని ఎడ్మంటన్‌లో మంచు అప్పటికే రెండుసార్లు పడి కరిగి, మూడోసారి కరగనని భీష్మించుకు కూర్చుంది. ఆ ఏడు ఊరంతా విద్యార్థులే. యూనివర్సిటీ బస్సెక్కితే చాలు, వెనక సీట్లో ఎవరో ఒకరు తెలుగులో ఇల్లు వెతుక్కుంటూ ఉండేవారు. గది దొరకడమే గగనమైన రోజులు. దొరికిన గది ఎంత చల్లగా ఉన్నా ఎవరూ నోరెత్తేవారు కాదు.

నేను ఎనర్జీ అడ్వైజర్‌ని. ఇంట్లో వేడి ఎటునుంచి బయటికి పోతోందో కొలిచి చెప్పడం నా పని. నెల్లూరులో సివిల్ ఇంజినీరింగ్ చదివి, ఇళ్లు కడతానని కలలు కని, చివరికి ఎవరో కట్టిన ఇళ్లలో కన్నాలు వెతికే ఉద్యోగంలో స్థిరపడ్డాను. నాకు నోరు ఎక్కువని మా ఆఫీసులో పేరు. అది అబద్ధమేమీ కాదు.

చలిని ఆపలేని పాత అద్దె ఇళ్లకు ఇన్సులేషన్ వేయించడానికి అప్పట్లో యజమానులకు ప్రభుత్వ గ్రాంటు ఒకటి ఉండేది. ఇన్సులేషన్ అంటే గోడల్లో, అటక మీద నింపే దూదిలాంటి సరుకు. ఇంటికి తొడిగే స్వెటర్ అనుకోండి. పనికి ముందొకసారి, తర్వాతొకసారి ఇంటిని పరీక్షించాలి. ముందు పరీక్షలో ఇల్లు అధ్వాన్నంగా ఉందని తేలాలి. తర్వాతి పరీక్షలో వాళ్లు చెప్పినంత మెరుగు కనిపించాలి. ఏ ఒక్కటి తప్పినా గ్రాంటు రాదు.

రూతమ్మగారు ఫోన్ చేసింది ఆ గ్రాంటు కోసమే. ఆవిడ బాపట్ల వైపు మనిషి. ఇక్కడ వృద్ధుల కేర్ హోమ్‌లో పని చేసి రిటైరయ్యారు. తన పాత ఇంటిని నలుగురు తెలుగు ఆడపిల్లలకు అద్దెకిచ్చి, తను చిన్న కాండో ఫ్లాట్‌లో ఉంటున్నారు.

"అమ్మా సుజాతా, నీ పేరు చర్చిలో చెప్పారు. గ్రాంటు వస్తే ఇల్లు ఉంచుకుంటా, రాకపోతే స్ప్రింగ్‌లో అమ్మేస్తా. ఇల్లు వెచ్చగా ఉంచడానికయ్యే ఆ గ్యాస్ బిల్లులు నావల్ల కావట్లేదు. నా బాధల్లా ఆ పిల్లల గురించే. చదువు మధ్యలో బయటికి పొమ్మంటే ఎక్కడికి పోతారు చెప్పు?"

నేను వెళ్లేసరికి ఇల్లు తళతళలాడిపోతోంది. కొత్త కర్టెన్లు, టీ కప్పుల పక్కన జంతికల ప్లేటు. నలుగురు అమ్మాయిలూ పెళ్లిచూపులకు కూర్చున్నట్టు సోఫాలో వరసగా కూర్చున్నారు. ఆ రోజుకి అది నా మూడో ఇల్లు. పరీక్షకు ముందు గదిగదీ తిరిగి చూడాలన్నది నియమం. నేను అటూ ఇటూ కళ్లతోనే చుట్టేసి, బ్లోయర్ డోర్ బిగించేశాను. వీధి తలుపు చట్రంలో ఎర్రగుడ్డ బిగించి, దానికి పెద్ద ఫ్యాన్ తగిలిస్తాం. అది ఇంట్లో గాలిని బయటికి లాగేస్తుంది. అప్పుడు ఉన్న ప్రతి సందులోంచీ బయటి గాలి లోపలికి దూరుతుంది. ఎంత దూరుతోందో గేజు చెబుతుంది.

గేజు చూసి నా కళ్లను నేనే నమ్మలేదు. అంత పాత ఇంట్లో గాలి దాదాపు చొరబడటం లేదు.

"ఇల్లు బాగా గట్టిగానే ఉంది ఆంటీ" అన్నాను.

రూతమ్మగారి ముఖం వెలిగిపోయింది. "స్తోత్రం. నేను చెప్పలా?" అన్నారు అమ్మాయిల వైపు తిరిగి.

"బాగుంది కాబట్టి గ్రాంటు రాదండీ."

వెలిగిన ముఖం అలాగే ఆగిపోయింది. సోఫాలో వాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. వాళ్లలో వరంగల్ నుంచి వచ్చిన లావణ్య రెండు స్వెటర్ల మీద ఉన్ని టోపీ కూడా పెట్టుకుని ఉంది. ఇంట్లో.

"చలేస్తోందా?" అని అడిగాను.

"లేదక్కా, మంచిగనే ఉంటది" అంది, ఆంటీ వైపు ఒకసారి చూసి.

నా ఫ్యాన్ ఇంకా తిరుగుతూనే ఉంది. ఆ అమ్మాయి వెనక ఉన్న కర్టెన్ నెమ్మదిగా గదిలోకి ఉబ్బడం మొదలుపెట్టింది. కిటికీ మూసే ఉంది. లేచి కర్టెన్ పక్కకి లాగాను. కిటికీ మొత్తానికీ ప్లాస్టిక్ షీటు, చుట్టూ మూడు వరసల ప్యాకింగ్ టేపు. ఆ షీటు గాలికి పూరీలా పొంగి ఉంది. పక్క కిటికీకీ అంతే. ప్లగ్ పాయింట్ల మీద టేపు, ఫైర్‌ప్లేస్ నిండా దుప్పట్లు, అటక మూత చుట్టూ బియ్యం బస్తాల ముక్కలు.

"ఏంటాంటీ ఇది?"

"నువ్వొస్తున్నావని రెండు రోజులు కష్టపడి అన్నీ మూయించాను" అన్నారు రూతమ్మగారు, ఏ తప్పూ ఎరగనట్టు. "నేను మావైపు గర్ల్స్ హాస్టల్లో పదకొండేళ్లు వార్డెన్‌గా చేశానమ్మా. ఇన్‌స్పెక్షన్ అంటే గోడలకి సున్నం, పిల్లలకి కొత్త దుప్పట్లు, అడిగితే అన్నీ బాగున్నాయని చెప్పడం. ఆఫీసర్ల ముందు లోపాలు ఎవరన్నా బయటపెట్టుకుంటారా?"

నాకు ఒళ్లు మండిపోయింది. అంతకంటే ఎక్కువ మంట నా మీద నాకే. గదులు తిరిగి చూసి ఉంటే ఫ్యాన్ వేయక ముందే ఇదంతా కనిపించేది. ఇంకో పది నిమిషాల్లో సామాను సర్దుకుని వెళ్లిపోయేదాన్ని. నలుగురి నెత్తిమీద కప్పు పోయేది.

"డాక్టరు దగ్గరికి వెళ్లేముందు మాత్ర మింగి జ్వరం దించుకుని వెళ్తారా? నేను జ్వరం చూడ్డానికే వచ్చాను. పీకండి అన్నీ" అన్నాను.

అమ్మాయిలు చెప్పిందే తడవుగా లేచారు. టేపులు చరచరా ఊడాయి, దుప్పట్లు బయటికొచ్చాయి. మళ్లీ ఫ్యాన్ వేశాను. ఈసారి గేజు ఎగబాకుతూనే ఉంది. నలువైపుల నుంచీ చలి కాళ్లకు చుట్టుకుంది. ఒక ఇల్లు అంత దరిద్రంగా ఉందని నేను అంతగా సంతోషించడం అదే మొదలు. "ఇప్పుడు గ్రాంటుకి పనికొస్తుంది ఆంటీ" అన్నాను.

అప్పుడు లావణ్య మెల్లగా అంది, "అక్కా, ఒకటి చెప్పాలె. పై రూముల్ల ఉండలేక నలుగురం కింద ఒక్క రూంలనే పండుకుంటున్నం. పోయిన చలికాలం నుంచీ."

రూతమ్మగారు నిర్ఘాంతపోయారు. "నాతో ఒక్క మాటైనా చెప్పలేదేం?"

"చెప్తే మీరు ఇల్లు అమ్మేస్తరని భయమైందాంటీ."

ఆవిడ ఫైర్‌ప్లేస్ దగ్గర కుప్పగా పడున్న దుప్పట్లలో ఒకటి తీసి లావణ్య భుజాల చుట్టూ కప్పారు. "వార్డెన్‌కి చెప్పకపోతే ఇంకెవరికి చెబుతారే" అన్నారు, దుప్పటి అంచులు దగ్గరికి లాగుతూ. నేను కాగితాల్లో తల దూర్చి రాసుకుంటున్నట్టు నటించాను.

డిసెంబరులో పని జరిగింది. అటక నిండా ఇన్సులేషన్ పోశారు, గోడలకు రంధ్రాలు వేసి లోపల నింపారు. జనవరి చివర్లో, ముక్కు ఊడిపోయేంత చలిలో రెండో పరీక్షకు వెళ్లాను. ఈసారి సింకులో అంట్లు, కుర్చీల మీద బట్టలు.

"ఏమీ సర్దలేదమ్మా. ఉన్నదున్నట్టు చూసుకో" అన్నారు ఆంటీ గర్వంగా.

ఈసారి గదిగదీ తిరిగాకే ఫ్యాన్ వేశాను. గేజు బాగా తగ్గింది, కానీ కావాల్సిన చోటికి వెంట్రుకవాసి ముందు ఆగిపోయింది. ఇంకాస్త తగ్గకపోతే ఇంత పనీ వృథా. కాంట్రాక్టరు మనిషి పక్కనే నిలబడి తల గోక్కున్నాడు. ఎక్కడో ఒక సందు మిగిలిపోయింది. పొగ వదిలే పెన్ను పట్టుకుని కిటికీలన్నీ తిరిగాను. పొగ ఎక్కడా చెదరలేదు.

"గిన్నెలు కడిగేటప్పుడు నా పాదాలకి సలి కొడతదక్కా" అంది లావణ్య, అడగకుండానే. ఇంకో అమ్మాయి వాషింగ్ మెషీన్ వెనక గోడ చూపించింది. ఎక్కడ చల్లగా ఉంటుందో వాళ్ల ఒంటికి నా మిషను కంటే బాగా తెలుసు. సింకు కింద సామాను తీసి చూస్తే, పైపు గోడలోకి వెళ్లే చోట పిడికిలంత ఖాళీ. వాషింగ్ మెషీన్ వెనక ఇంకొకటి. కాంట్రాక్టరు మనిషి రెండింట్లోనూ ఫోమ్ కొట్టాడు. అది గట్టిపడేదాకా అందరం నిలబడే టీ తాగాం.

మళ్లీ ఫ్యాన్ వేశాను. గేజు దిగి, దిగి, కావాల్సిన అంకెను దాటి ఇంకా కిందికి వెళ్లి ఆగింది.

"పాసయ్యారు" అన్నాను. నలుగురూ కలిసి ఆంటీని గట్టిగా వాటేసుకున్నారు. నా కళ్లూ చెమర్చాయి. ఉద్యోగంలో చేరాక గేజు చూసి ఏడ్చింది ఆ ఒక్కరోజే.

ఆ తర్వాత ఏ ఇంటికి వెళ్లినా, ఫ్యాన్ బయటికి తీయకముందే ఒక ప్రశ్న అడుగుతాను: "నేను వస్తున్నానని ఏమేం మూశారు?" జనం తెల్లబోతారు, తర్వాత నవ్వుతూ ఒక్కొక్కటే చూపిస్తారు. ఆ ఇంట్లో ఎక్కువగా ఉండేవాళ్లను పిలిచి, ఎక్కడ చలేస్తోందో కూడా అడుగుతాను. రూతమ్మగారి ఇల్లు నేర్పిన పని అది.

గ్రాంటు మంజూరైన ఉత్తరం చూపించడానికి ఫిబ్రవరిలో ఆవిడ నన్ను ఆ ఇంటికే పిలిచారు. ఉత్తరం సోఫా మీద పడేసి, చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్లి, హాస్టల్ చూపించే వార్డెన్‌లా గదుల తలుపులు ఒక్కొక్కటే తీశారు. నాలుగు గదుల్లో నాలుగు పరుపులు వేసి ఉన్నాయి. చివరి గదిలో లావణ్య ఒట్టి కాటన్ నైటీలో, టోపీ లేకుండా కూర్చుని చదువుకుంటోంది.

"ఇన్‌స్పెక్షన్ చేసుకోమ్మా" అన్నారు రూతమ్మగారు.