పోసవ్వ కోయని పువ్వు

పన్నెండేండ్ల సంది ఒక మాట నా గొంతులనే ఉన్నది. ఇంట్ల చెప్పలే. ఎవరికి చెప్పాల్నో వాళ్లిప్పుడు లేరు. మీరెవరో నాకు తెల్వదు. అందుకే మీకు చెప్తున్న.

అప్పుడు నేను నిజామాబాదుల ఒక కాలేజీల వృక్షశాస్త్రం డిమాన్‌స్ట్రేటర్‌ను. కాలేజీ వెనుక మా శాఖ పెద్ద సారు పెంచిన తోట ఉండె. అండ్ల ఒక్క కుండీకి మాత్రం పేరు చీటీ లేదు. ఆంధ్రతోని మన హైద్రాబాద్ రాష్ట్రం కలిసిన ఏడాది, బోధన్ దిక్కు ఒక పాత బంగ్లా ఖాళీ చేస్తుంటే సారు తెచ్చిన మొక్క అది. అనాస కుటుంబపుది, బ్రొమీలియడ్ అంటరు, అంతవరకే తెలుసు. ఏ జాతో చెప్పాలంటే పువ్వు చూడాలె. ఆ పువ్వు కోసం సారు తొమ్మిదేండ్లు ఎదురుచూసిండు.

మొక్కను బతికించింది మాత్రం పోసవ్వ. ఎడపల్లి నుంచి వచ్చి తోటపని చేసే పెద్దామె. ఆకుల నడుమ గిన్నె లెక్క ఉండే గుంతలనే నీళ్లు పోసేది, మట్టిల పోయకపోయేది. ఎందుకని నేనెన్నడు అడుగలే.

ఎండకాలం సెలవులల్ల సారు హైద్రాబాద్ దవాఖానల ఉన్నడు. ఒకనాడు పొద్దుగాల పోసవ్వ వచ్చింది.

"మొగ్గ విచ్చుకున్నది. సారుకు కార్డు రాయి బిడ్డా."

రాస్త అన్న. రాయలే. ఎందుకు రాయలే? సారు వచ్చేలోపట ఆ పేరు నేనే కనిపెట్టి, ఆయన ముందట పెట్టి, ఆయన మొఖంల ఆశ్చర్యం చూడాలనుకున్ననా, లేక ఆ పేరు పక్కన నా పేరే ఉండాలనుకున్ననా? రెండోదే. కాడకు శాన పువ్వులున్నయి, ఒక్కటి తీస్తే సరిపోయేది. మొత్తం కాడనే కోసిన. సూదితోని రేకులు విప్పుకుంట, పుస్తకం ముందటేసుకొని కూసున్న. ఏదీ తేలలే. అన్నీ నలిగి నల్లబడ్డయి. కిటికీలకెల్లి పారేసిన.

సారు వచ్చి ఆ కోసిన మొదలు చూసిండు.

"ఎవరు కోసిన్రు?"

"పోసవ్వ కోసినట్టుంది సార్. దేవునికి పెట్టిందేమో."

అంత సులువుగ ఎట్ల వచ్చిందో ఆ మాట.

పోసవ్వ అక్కడనే ఉన్నది. "నేను కోయలే సారూ" అన్నది. ఒక్కసారే. తర్వాత నా దిక్కు చూసింది. నేను నిజం చెప్తనని చూసిందా, చెప్పనని తెలిసి చూసిందా? సారు చదువుకున్నోళ్ల మాట నమ్మిండు. మరునాటి సంది ఆమెను రావద్దన్నడు.

ఆ మొక్క ఒక్కసారి పూసి చస్తది. పక్కన రెండు పిలకలు వచ్చినయి. నేను మట్టిల నీళ్లు పోసిన. మొదళ్లు కుళ్లిపోయినయి. పేరు తెలువకుండనే సారు రిటైరై, రెండేండ్లకు కాలం చేసిండు.

పోసవ్వను రావద్దన్న ఆరేండ్లకు నేను ఎడపల్లి పోయిన. పోసవ్వ చెరుకు కొట్టే కూలికి పోయి, మంచాన పడి, చచ్చిపోయిందట. ఆమె బిడ్డ చెప్పింది. నేను కాలేజీ నుంచి వచ్చిన అనంగనే, "మా అవ్వ పువ్వు కోయలే" అన్నది.

"తెలుసు" అన్న. ఎట్ల తెలుసో చెప్పలే. బస్సెక్కి వచ్చిన.

మాఫీ అడుగుత లేను. ఇచ్చేటోళ్లు లేరు, ఉన్నా ఇయ్యొద్దు. ఆ పువ్వు కోసింది నేను. గంతే.