వదిన తిప్పి పంపిన ఫోటో

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయి సియాటిల్‌లోని ఒక యూనివర్సిటీకి అప్లై చేస్తూ, సిటిజన్‌షిప్ అన్న గడి దగ్గర ఆగి నిట్టూర్చింది. ఆ నిట్టూర్పుకు అర్థం మా ఇంట్లో అందరికీ తెలుసు. న్యూజెర్సీ అత్తయ్య ఆనాడు ఒక్క సంతకం పెట్టి ఉంటే తను ఇప్పుడు అమెరికన్ అని టిక్ కొట్టేది. దానికి ఆరో ఏట నుంచీ ఈ కథ చెప్పింది నేనే. బర్త్ సర్టిఫికెట్ కావాలంటే, చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ, పై గదిలో పాత సూట్‌కేసులో చూడమన్నాను. అందులో ఇంకేముందో గుర్తుండి ఉంటే నేనే పరుగెత్తేదాన్ని.

పెళ్ళికి ముందు ఆరేళ్ళు నేను న్యూజెర్సీలో అన్నయ్యా వదినల ఇంట్లో ఉన్నాను. ఉన్నానంటే, నా గ్రీన్ కార్డు అక్కడ ఉండేది, నేను అప్పుడప్పుడూ ఉండేదాన్ని. హైదరాబాద్‌లో ఏ పెత్తండ్రి కూతురికో మేనమామ కొడుక్కో ముహూర్తం పెట్టారంటే నాకిక కాలు నిలిచేది కాదు. మా వాళ్ళ పెళ్ళిళ్ళలో అడ్డుతెర ఒక కొస నా చేతిలో ఉండాల్సిందే. కార్డు పోకుండా ఆరు నెలలు దాటనీయకుండా తిరిగొచ్చేదాన్ని, అంతే. వచ్చిన ప్రతిసారీ ఎయిర్‌పోర్టు బయట వదిన డబ్బాలో పెరుగన్నం పట్టుకుని నిలబడేది. ఎన్నాళ్ళున్నావు, ఎందుకున్నావు అని ఒక్కసారీ అడగలేదు మహాతల్లి.

సిటిజన్‌షిప్ వచ్చింది, పెళ్ళయింది, మా ఆయన ఉద్యోగం ఉన్న కెనడాకి, ఈ బర్నబీకి వచ్చేశాను. అమ్మాయి ఇక్కడే పుట్టింది. దాన్ని పుట్టుకతోనే అమెరికన్‌గా కాన్సులేట్‌లో నమోదు చేయిద్దామని ఫారం తీశాను. మా ఆయన అమెరికన్ కాదు కాబట్టి భారమంతా నాదే. బిడ్డ పుట్టకముందు నేను మొత్తం ఐదేళ్ళు అమెరికా గడ్డ మీద ఉండి తీరాలట. పెళ్ళిళ్ళన్నీ తీసేసి లెక్కవేస్తే ఎనిమిది నెలలు తక్కువొచ్చింది. నేనేం చేశానంటే, చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది, రాకపోకల ముద్రలున్న పాత పాస్‌పోర్టు పోయిందని చెప్పొచ్చులే అనుకుని, ‘మా ఆడపడుచు మా ఇంట్లోనే ఎటూ వెళ్ళకుండా ఉంది’ అని ఒక ఉత్తరం టైపు చేసి వదిన సంతకానికి పంపాను. అన్నయ్యకు పంపి లాభం లేదు, ఆయన వదినకు చూపించకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టడు.

పది రోజులకు ఆ కాగితమే సంతకం లేకుండా తిరిగొచ్చింది. దానికి ఒక ఫోటో పిన్ను చేసి ఉంది. మా పెద్దనాన్నగారి అమ్మాయి పెళ్ళి. ఆకుపచ్చ పట్టుచీరలో అడ్డుతెర పట్టుకుని ఇకిలిస్తూ నేను. మూలన తేదీ అచ్చయి ఉంది, నేను న్యూజెర్సీలో ఉన్నట్టు రాసుకున్న నెలే. ఫోన్ చేసి అరిచాను. “నీ కోసం ఏదైనా చేస్తా గానీ, పసిదాని పేరు మీద అబద్ధం రాయమనకమ్మా,” అంది వదిన. “మీ అమెరికా మీరే ఉంచుకోండి” అని పెట్టేశాను. ఆ తర్వాత ఇక్కడి తెలుగువాళ్ళ ప్రతి పాట్‌లక్ విందులోనూ ఆవిడ ఓర్వలేనితనం గురించి చెప్పుకున్నాను. ఆరేళ్ళు తిని, తిన్నింటి వాసాలు లెక్కపెట్టాను.

మెట్ల మీద చప్పుడు. మా అమ్మాయి ఆ కాగితం, ఫోటో పట్టుకుని దిగింది. రెండుసార్లు చదివినట్టుంది.

“సో అత్తయ్య డిడ్ నథింగ్ రాంగ్. యూ జస్ట్ వర్‌నాట్ దేర్, అమ్మా.”

“నీ కోసమేనే...”

“నో. యూ మేడ్ మీ హేట్ హర్.”

అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. ఫోటో నా ముందు చిక్కుడు తొక్కల పక్కన పెట్టి, కంప్యూటర్ దగ్గరికి వెళ్ళి కెనడియన్ అని టిక్ కొట్టి కూర్చుంది. నా కూతురి ముఖంలోకి చూడలేకపోవడం నాకదే మొదటిసారి. లేచి చేతులు కడుక్కుని, అన్నయ్య వాళ్ళ ఇంటి నంబరు నొక్కాను. అది మారలేదు, నేను మరిచిపోనూ లేదు.

“చెప్పమ్మా,” అంది వదిన, నిన్ననే మాట్లాడినట్టు.

“పిల్లకి మీ గురించి అబద్ధాలు చెప్పాను వదినా. ఇన్నేళ్ళూ.”

“దాని గొంతు నేనెప్పుడూ వినలేదే. ఒకసారి ఫోనియ్యి,” అంది.

ఇచ్చాను. ఎనిమిది నెలలు తక్కువయ్యాయని అంత రాద్ధాంతం చేసినదాన్ని, ఆ ఇద్దరికీ ఒకరి గొంతు ఒకరికి తెలియకుండా పదిహేడేళ్ళు పోగొట్టాను; వాటిని పూరించడానికి ఏ కాన్సులేట్‌లోనూ ఫారం లేదు.