మూడాకుల లేసు

గుంటూరులో చర్చి వీధి మలుపున బైబిళ్లూ క్రిస్మస్ కార్డులూ అమ్మే చిన్న కొట్టులో ఇప్పుడు ఒక అద్దాల బీరువా నిండా ఐర్లండ్ సరుకు పెట్టారు. కొట్టావిడ చెల్లెలు ఆ దేశంలో నర్సట, ఏటా పంపిస్తుందట. చుట్టూ వలయమున్న సిలువలు, మూడాకుల బ్రోచీలు, పచ్చ రిబ్బన్లు. నా చిన్ననాటి స్నేహితురాలు రూతు తన మనవరాలి బాప్తిస్మానికి పిలిచింది కదా, ఏదైనా మంచిది పట్టుకెళదామని వెళ్లాను. ఆవిడ ఒక మూడాకుల లేసు గుడ్డ మడత విప్పగానే గంజీ కలరా ఉండలూ కలిసిన వాసన వచ్చింది. అంతే, పదేళ్ల పిల్లనై అమ్మమ్మ గదిలో, కిటికీ ఊచల వెనక, పీట మీద కూర్చుండిపోయాను.

నల్లపాడు దాటాక మా ఊరు. అమ్మమ్మ చిన్నప్పుడు మిషను బడిలో ఒక ఐర్లండ్ దొరసాని దగ్గర లేసల్లడం నేర్చుకుంది. దొరసాని తమ దేశపు మూడాకును కాగితం మీద గీసి చూపిస్తే, ఇది మన పులిచింతాకే కదా అనుకుని, బావి గట్టున మొలిచినదాన్ని తెంపి ముందు పెట్టుకుని అల్లేసిందట. అదే లేసు నాతోనూ అల్లించేది, ఆ ఆకే నా ప్రాణం తీసింది. మంచు తగ్గి ఎండ చురుక్కుమనే మిరపకోతల రోజుల్లో ఊరంతా చేలల్లోనే ఉండేది. కల్లాల్లో ఎర్రగా పరిచిన కాయల ఘాటుకు దారిన పోయేవాళ్లు తుమ్ముతూ నవ్వుతూ పోయేవాళ్లు, పిల్లలు పత్తి కుప్పల మీద పడి దొర్లేవాళ్లు, ఆ సందడంతా నాకు ఊచల మధ్య నుంచి ముక్కలుగానే కనిపించేది. బడి వదిలితే ఆ పీటే, సెలవైతే పొద్దస్తమానం ఆ పీటే. నేను మిరపకాయ ముట్టకూడదు, మట్టి ముట్టకూడదు, ఆవకాయన్నం కూడా చెంచాతోనే తినాలి. తెల్లదారానికి ఎరుపంటితే మరి పోదు. ఒక్క కుట్టు తప్పితే వరసంతా విప్పించేది అమ్మమ్మ. నన్ను జైల్లో పెట్టారని గట్టిగా నమ్మాను.

రూతు నా ఈడుదే, తల్లితో కూలికి పోయేది. సాయంత్రం వస్తూ వస్తూ కిటికీ దగ్గర ఆగి, పులిచింతాకు తెంపి, నా చేతికి అంటకుండా ఊచల్లోంచి నా నోట్లోనే పెట్టేది. పులుపుతో పాటు రూతు వేళ్లకంటిన మిరప మంట కూడా నాలుకకు తగిలేది. నన్నూ చేలోకి తీసుకుపొమ్మని రోజూ బతిమాలేదాన్ని. అది నవ్వేసి ఇంటికి పోయేది.

ఒకరోజు ఆకు పెట్టాక రూతు కదల్లేదు. గదిలోకి చూస్తూ అమ్మమ్మను అడిగింది:

"మామ్మా, నాకూ నేర్పవా? నేనూ లోపలే కూచుంటాను."

అమ్మమ్మ చెడ్డది కాదు. ఊచల్లోంచి దాని చేతులు పట్టుకుని తిప్పి చూసింది. గోళ్ల సందుల్లో ఎరుపు, అరచేతుల్లో పగుళ్లు.

"ఈ చేతులతో దారం పాడైపోద్దే తల్లీ. కోతలయ్యాక రా."

"కోతలయ్యాక కాయల తొడాలు తియ్యాలిగా మామ్మా," అంది రూతు, చేతులు వెనక్కి తీసుకుంటూ.

నేను జరిగి చోటివ్వాల్సింది. చేతులు కడుక్కుని రమ్మని చెప్పాల్సింది. రెండూ చెయ్యలేదు. నిజం చెప్పాలంటే, ఒళ్లో ఉన్న నా తెల్లటి చేతులు చూసుకుని ఆ క్షణాన నాకు సంతోషమేసింది. ఆ మర్నాటి నుంచి రూతు కిటికీ దగ్గర ఆగలేదు.

ఆ లేసు అమ్మిన డబ్బే నన్ను టీచరు ట్రైనింగు దాకా చదివించింది. నేను ఆ గదిలోంచి బయటపడ్డాను. రూతు మాత్రం ఇప్పటికీ కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడాలు తీస్తోంది.

అమ్మమ్మ లేదు, ఆ గదీ లేదు. బావి పూడ్చి సిమెంటు రోడ్డేశారు, పులిచింతాకు మొలవడానికి చోటే లేదు. కొట్లో ఆ గుడ్డ తిరగేసి చూశాను, వెనక ఒక్క ముడి కూడా లేదు. మిషను మీద అల్లిందండీ, ఎన్నిసార్లు ఉతికినా చెడదండీ అంది కొట్టావిడ. సిలువ చాలులే అందామనుకుని కూడా, ఆ లేసే కట్టమన్నాను.

రేపు ఇది విప్పి ఇవ్వగానే రూతు ఏం చేస్తుందో నాకు తెలుసు. ముట్టుకోదు. చేతులు కడుక్కొస్తాను ఉండమని లోపలికి వెళ్తుంది.